వైరింగ్ రూల్స్ మారాయంటున్నారు, పాత ఇల్లు మొత్తం పీకాల్సిందేనా?

తెనాలి_పాతిల్లు

నమస్తే అండీ. మాది తెనాలి. 1988లో నాన్నగారు కట్టించిన ఇల్లు. ఇప్పుడు పైన రెండు గదులు వేస్తున్నాం, రెండు ఏసీలు, ఒక గీజరు కొత్తగా వస్తాయి. వైరింగ్ పనికి ఇద్దర్ని పిలిపించాను. ఒకాయనేమో "2023లో కొత్త రూల్స్ వచ్చాయండీ, కింద పాత వైరింగ్ మొత్తం పీకెయ్యాలి, లేకపోతే లోడ్ పెంచరు" అని లక్షల్లో ఎస్టిమేట్ ఇచ్చారు. రెండో ఆయన "ఆ రూల్స్ ఫ్యాక్టరీలకీ పెద్ద అపార్టుమెంట్లకీ, మన ఇళ్ళకి ఏమీ లేవు, మెయిన్ దగ్గర ఒక ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పడేస్తే చాలు" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

కింద పరిస్థితి ఇదీ. చెక్క స్విచ్ బోర్డులు. మెయిన్ దగ్గర పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు రెండు, కరెంటు వచ్చే ఫేజుకి ఒకటి, అది తిరిగి వెళ్ళే న్యూట్రల్‌కి ఒకటి. లైట్లకి 1/18, ప్లగ్గులకి 3/20 వైరు (పాత కొలత, తీగపోగుల సంఖ్య, గేజి) వేశారని నాన్న చెప్పేవారు. ఎర్త్ గొయ్యి పెరట్లో ఉంది, పైన సిమెంటు మూత, దాన్ని తెరిచి ఎన్నేళ్ళయిందో. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తడిచేత్తో పట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది, అమ్మ చెప్పులేసుకుని తెరుస్తుంది. అసలు ఏం మారింది, మాలాంటి ఇంటికి ఏది వర్తిస్తుంది, తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

రిటైర్డ్_ఏఈ_గుంటూరు

బాబూ, ఇద్దరూ సగం సగమే చెప్పారు. ముందు ఏది చట్టమో ఏది ప్రమాణమో వేరు చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అన్నిటికన్నా పైన 2003 విద్యుత్ చట్టం. దాని కింద సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రత మీద రెగ్యులేషన్లు ఇస్తుంది. మేము ఉద్యోగంలో చేరినప్పుడు 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ ఉండేవి, వాటి స్థానంలో 2010 రెగ్యులేషన్లు వచ్చాయి, వాటిని కూడా తీసేసి 2023లో కొత్తవి తెచ్చారు. మీ ఎలక్ట్రీషియన్ అంటున్నది వీటి గురించే. ఇవి పాటించి తీరాల్సినవి, ఇల్లయినా ఫ్యాక్టరీ అయినా.

ఇక బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వాళ్ళ ప్రమాణాలు. వైరింగ్‌కి ఐఎస్ 732, ఎర్తింగ్‌కి ఐఎస్ 3043. ఐఎస్ 732 చాలా ఏళ్ళు 1989 నాటిదే నడిచింది, 2019లో తిరగరాశారు. నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 1985లో మొదటిసారి వచ్చి, 2011లో ఒకసారి, 2023లో ఇంకోసారి మారింది. పని ఎలా చేయాలో చెప్పేవి ఇవి. రెగ్యులేషన్లకీ కోడ్‌కీ ఎక్కడైనా పొంతన కుదరకపోతే రెగ్యులేషన్ మాటే నెగ్గుతుంది. పేర్లు వేరు, హోదాలు వేరు. ఈ రెంటినీ కలిపేసి "రూల్స్ మారాయి" అనడంతోనే గందరగోళం అంతా.

వైరు పాతదైపోయిందన్న ఒక్క కారణంతో పీకెయ్యమని ఆ రెగ్యులేషన్లలో ఎక్కడా లేదు. కానీ కొత్తగా వేసే పని, మార్చే పని ఇప్పటి నిబంధన ప్రకారమే ఉండాలి. లోడ్ పెంచమని అర్జీ పెట్టినప్పుడు సప్లై కంపెనీ మీ ఇన్‌స్టలేషన్‌ని పరీక్షించాలి, లేదా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ఇచ్చిన టెస్టు ఫలితాలు ఒప్పుకోవాలి. ఆ టెస్టులో పాత వైరు తప్పితే అప్పుడు పీకాలి. ముందు కొలవండి, తర్వాత పీకండి.

ఇక మీ ఇంటికి నేరుగా తగిలే మార్పు ఒకటుంది, పక్కదారిన భూమిలోకి పోయే లీకేజీ కరెంటుకి ట్రిప్ అయ్యే (పడిపోయి కరెంటు ఆపేసే) పరికరం, దాన్నే ఆర్‌సీసీబీ అంటారు. 1956 రూల్స్‌లోనే తర్వాత్తర్వాత దీన్ని చేర్చారు, అయితే 5 కిలోవాట్ల కంటే చిన్న ఇంటి కనెక్షన్లకి మినహాయింపు ఉండేది. 2010లో కూడా అదే 5. ఆ తర్వాత దాన్ని 2 కిలోవాట్లకి దించారు, ఇళ్ళకి అయితే 30 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు అని కూడా రాశారు. 2 కిలోవాట్లంటే ఒక్క గీజరు చాలు. అంటే మీ ఇల్లే కాదు, గీజరో ఏసీయో ఉన్న ప్రతి ఇల్లూ ఇందులోకి వచ్చేసినట్టే.

కరీంనగర్_వైర్‌మన్

అన్నా, ఏఈ సారు చెప్పింది కరెక్టు. నేను ఈ పనే చేస్తాను, పర్మిట్ ఉంది. మీ పోస్టులో నాకు భయం వేసిన సంగతులు రెండు.

మొదటిది న్యూట్రల్‌కి ఫ్యూజు. ఇది కొత్త రూల్ కాదు, మీ ఇల్లు కట్టినప్పుడు కూడా తప్పే. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ స్విచ్ గానీ ఉండకూడదు, ఉంటే ఫేజుతో కలిపి ఒకేసారి తెగే డబుల్ పోల్ ఉండాలి. ఎందుకంటే న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే కాలిందనుకోండి, లైట్లు ఆరిపోతాయి, కరెంటు పోయిందనుకుని హోల్డర్లో చెయ్యి పెడతారు, అక్కడ ఫేజు అలాగే ఉంటుంది. ఊళ్ళల్లో పాత ఇళ్ళకి వెళ్తే ఇప్పటికీ ఇవే కనిపిస్తాయి. రేపే తీయించండి, పైన గదుల పనితో దీనికి సంబంధం లేదు.

రెండోది ఫ్రిజ్. ఆ త్రీపిన్ సాకెట్ ఎవరితోనైనా విప్పించండి. పైన లావు రంధ్రానికి ఎర్త్ వైరు ఉందో లేదో చూడమనండి. చాలా ఇళ్ళల్లో అక్కడ ఏమీ ఉండదు. ఇంకా ఘోరం, కొందరు చిన్న వైరుముక్కతో ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కే కలిపేస్తారు. మామూలుగా ఏమీ తెలియదు, షాక్ కూడా ఆగిపోతుంది, ఓనరు "భలే చేశావయ్యా" అంటాడు. ఏదో ఒక రోజు వెనకాల న్యూట్రల్ ఊడితే ఫ్రిజ్ బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. చెప్పులేసుకుని తెరిచే పరిస్థితి ఒక్కరోజు కూడా ఉంచకండి, అమ్మగారిని ముట్టుకోనివ్వకండి, అది బాగయ్యేదాకా ఫ్రిజ్ ఎర్త్ సరిగ్గా ఉన్న వేరే ప్లగ్గుకి మార్చండి.

కూకట్‌పల్లి_ఓనర్

నా మాట కూడా వినండి. నాకు మూడంతస్తుల బిల్డింగ్ ఉంది, ఆరు పోర్షన్లు అద్దెకిచ్చాను. రెండేళ్ళ కింద ఎవరో చెప్పారని ప్రతి పోర్షన్‌కీ ఆర్‌సీసీబీ పెట్టించాను. ఇక రోజూ ఫోన్లే, "అంకుల్ కరెంటు పోయింది", రాత్రి పదకొండుకి ఒకటి, పొద్దున ఐదుకి ఒకటి. చివరికి నాలుగు పోర్షన్లలో తీయించేశాను. ఎంసీబీ ఉంది, ఎర్తింగ్ ఉంది, ఇంకా ఎందుకు? చార్జర్లు కాలకుండా ఎంసీబీ చూసుకుంటుంది, షాక్ కొట్టకుండా ఎర్త్ చూసుకుంటుంది. ఎర్తింగ్ బాగుంటే ఈ పరికరం అక్కర్లేదని మా ఎలక్ట్రీషియన్ కూడా అన్నాడు. డబ్బులున్నవాళ్ళు పెట్టుకోవచ్చు గానీ అందరికీ తప్పనిసరి అంటే మధ్యతరగతి ఓనర్లకి భారమే కదా.

సైట్_ఇంజినీర్_విశాఖ

ఓనర్ గారూ, ఎర్తింగ్ బాగుంటే చాలు అన్న మాట దగ్గరే ప్రాణాలు పోతున్నాయి, అందుకని దీన్ని లెక్కతో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మీ ఎర్త్ గొయ్యి చాలా బాగుంది, నిరోధం 5 ఓములే అనుకుందాం. గీజరు ఎలిమెంటు పగిలి ఫేజు బాడీకి తగిలింది. 230 వోల్టుల్ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. అసలు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ నిరోధం కూడా కలుస్తుంది కాబట్టి ఇంకా తక్కువే పోతుంది. ఇప్పుడు మీ మెయిన్‌లో సి రకం 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. సి రకం వెంటనే పడిపోవాలంటే దాని రేటింగుకి 5 నుంచి 10 రెట్లు రావాలి, అంటే 160 నుంచి 320 ఆంపియర్లు. 46 ఆంపియర్లకి అది ఎప్పుడు పడుతుంది? రేటింగుకి 1.45 రెట్లు కరెంటు ఉంటే గంటలోపు పడాలని ప్రమాణం, 32కి అది 46.4. అంటే గంటసేపు కూడా పడకపోవచ్చు! గీజరుకి విడిగా 16 ఆంపియర్లది ఉన్నా, వెంటనే పడాలంటే కనీసం 80 ఆంపియర్లు కావాలి. అంతసేపూ గీజరు బాడీ, దానికి తగిలిన నల్లా పైపులు, అన్నీ ప్రమాదకరమైన వోల్టేజీతో ఉంటాయి, బయటికి మాత్రం అంతా మామూలుగానే కనిపిస్తుంది.

ఇది మీ ఎంసీబీ లోపం కాదు. వైరు కాలకుండా కాపాడటమే దాని పని, ఓవర్‌లోడ్‌కీ షార్ట్ సర్క్యూట్‌కీ పడుతుంది, మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దానికి లెక్కలోకే రాదు. మనిషికి పది మిల్లీ ఆంపియర్లు దాటితే చెయ్యి వదిలించుకోవడం కష్టం, 30 దాటి కాసేపు ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం. ఒక ఆంపియరులో ముప్పై వెయ్యో వంతులు! 16 ఆంపియర్ల ఎంసీబీకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఆర్‌సీసీబీ చూసేది వేరే. లోపల ఒక ఇనుప రింగు, ఫేజు న్యూట్రల్ రెండూ అందులోంచే పోతాయి. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నంతసేపు రింగులో ఏమీ ఉండదు. ఎక్కడో కొంత మనిషి ద్వారానో, తడిగోడ ద్వారానో భూమిలోకి పోతే తిరిగొచ్చేది తగ్గుతుంది, ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే, 15కీ 30కీ మధ్య ఎక్కడో పడిపోతుంది. 30 దగ్గర 0.3 సెకన్లలోపు, దానికి ఐదు రెట్లు ఉంటే 0.04 సెకన్లలోపు పడాలి. ఎర్త్ 5 కాదు, 100 ఓములున్నా సరే, 230ని 100తో భాగిస్తే 2.3 ఆంపియర్లు, దానికి అదే చాలా ఎక్కువ.

ఆ ఎలక్ట్రీషియన్‌కి ఈ లెక్క చూపించండి. తీయించిన నాలుగు పోర్షన్లలో మళ్ళీ పెట్టించండి సర్, దయచేసి. రెండు మూడు వేల రూపాయల వస్తువు.

పద్మజ_అనంతపురం

ఇంజినీర్ గారూ బాగా చెప్పారు కానీ ఓనర్ గారి బాధ కూడా నిజమేనండీ. మా ఇంట్లోనూ ఆర్‌సీసీబీ ఉంది. వాన పడితే చాలు పడిపోతుంది. అది కాక ఇన్వర్టర్ పెట్టించిన దగ్గర్నుంచి ఇంకో తంటా, కరెంటు పోయినప్పుడు లైట్లు బాగానే వెలుగుతాయి, కరెంటు తిరిగి వచ్చిన మరుక్షణం టక్కున పడిపోతుంది. ఇన్వర్టర్ పెట్టినతను "ఆర్‌సీసీబీ పాడైంది, తీసేద్దాం మేడమ్" అంటున్నాడు. తీయనివ్వలేదు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. కానీ ఏం చేయాలి?

కరీంనగర్_వైర్‌మన్

తీయనివ్వకుండా మంచి పని చేశారు మేడమ్. మీ ఆర్‌సీసీబీ పాడైనట్టు లేదు, దాని పని అది చేస్తోంది.

ఇన్వర్టర్ సంగతి నేను వారానికి ఒకటైనా చూస్తాను. ఇన్వర్టర్‌కి కరెంటు ఆర్‌సీసీబీ తర్వాత ఉన్న ప్లగ్గు నుంచి వస్తుంది. లైట్ల న్యూట్రల్ మాత్రం ఆర్‌సీసీబీ కంటే ముందున్న పట్టీకి కలిపి ఉంటుంది, లేదా పక్క సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిసిపోయి ఉంటుంది. మెయిన్ కరెంటు ఉన్నప్పుడు ఫేజు ఆర్‌సీసీబీ లోపలి నుంచి పోయి, న్యూట్రల్ బయటి నుంచి తిరిగొస్తుంది. ఇంజినీర్ సారు చెప్పిన రింగుకి అది లీకేజీలాగే కనిపిస్తుంది, పడేస్తుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆ దారిలో మెయిన్ కరెంటు ఉండదు కాబట్టి నిలబడుతుంది. చేయాల్సింది ఒకటే, ఇన్వర్టర్ లైట్ల న్యూట్రల్ అంతా విడదీసి ఆర్‌సీసీబీ తర్వాతి న్యూట్రల్ పట్టీకి తేవాలి. ఓపిక కావాల్సిన పని, ఒక పూట పట్టవచ్చు, అందుకే చాలామంది ఆర్‌సీసీబీ తీసేసి చేతులు దులుపుకుంటారు. ఇంకోటి, బ్యాటరీ మీద నడిచేటప్పుడు మెయిన్ దగ్గరి ఆర్‌సీసీబీని నమ్ముకోలేం, ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు కూడా రక్షణ ఎలా పెట్టాలో ఆ ఇన్వర్టర్ మోడల్ చూసి తెలిసినవాళ్ళతో చేయించండి.

వాన సంగతి. మీకు గేటు లైటో, డాబా మీద లైటో, బయట మోటారు ప్లగ్గో ఉందా? ముందు అవి చూడండి. మొన్న జగిత్యాలలో ఒక ఇంట్లో ఇదే కంప్లయింట్, గేటు స్తంభం మీద గుండ్రటి లైటు విప్పితే లోపల చీమలు పెట్టిన మట్టి, జాయింటుకి చుట్టిన టేపు జిగురు కారిపోయి ఊడి వేలాడుతోంది, దాని కింద బల్బు గిన్నెలో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ గేటు ఇనుపది! పిల్లలు పట్టుకుని ఊగే గేటు. ఆర్‌సీసీబీ లేకపోతే ఆ ఇంట్లో ఏం జరిగేదో తలుచుకుంటేనే భయం.

కూకట్‌పల్లి అన్నా, మీ పోర్షన్లలో కూడా ఇవే కారణాలు ఉంటాయి. పోర్షన్ల మధ్య న్యూట్రల్స్ కలిసిపోయి ఉంటే ఒకరు స్విచ్ వేస్తే ఇంకొకరిది పడుతుంది. ఒక్కో పోర్షన్‌లో అన్ని ఎంసీబీలు దించి ఒక్కొక్కటే ఎత్తుతూ చూడమనండి, ఏ సర్క్యూట్‌కి పడుతుందో దొరుకుతుంది.

కూకట్‌పల్లి_ఓనర్

పోర్షన్ల మధ్య కలిసిపోవడం అన్నది మాత్రం ఆలోచించాల్సిందే. పంపు మోటారు అందరికీ కామన్, దాని వైరు మొదటి అంతస్తు బోర్డులోంచే పోతుంది. ఈ ఆదివారం చూపిస్తాను. అద్దెకున్నవాళ్ళ పిల్లలూ మన పిల్లలే, అది నాకు తెలుసు. లెక్క ఇలా ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు.

డాలస్_నుంచి

మాది బాపట్ల దగ్గర పల్లెటూరు, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడి పద్ధతి కూడా చెప్తే పనికొస్తుందేమో. అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌ని ఎన్ఎఫ్‌పీఏ అనే సంస్థ మూడేళ్ళకోసారి కొత్తగా ఇస్తుంది, రాష్ట్రాలు, కొన్నిచోట్ల నగరాలు దాన్ని ఆమోదిస్తేనే అక్కడ అమల్లోకి వస్తుంది. అందుకని పక్క రాష్ట్రంలో వేరే ఏడాది కోడ్ ఉండొచ్చు. మన ఆర్‌సీసీబీ లాంటిదే ఇక్కడ జీఎఫ్‌సీఐ, 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడిపోతుంది. 1970ల్లో ఈతకొలనులు, ఇంటి బయటి ప్లగ్గులు, బాత్‌రూములతో మొదలుపెట్టి తర్వాత వంటిళ్ళకి, ఇలా కొంచెం కొంచెంగా విస్తరించారు. వదులు జాయింట్లలో నిప్పురవ్వలు వస్తే పడిపోయే ఏఎఫ్‌సీఐని కూడా పడకగదులతో మొదలుపెట్టారు. ఇక్కడ కూడా పాత ఇంటిని మొత్తం మార్చమని సాధారణంగా అడగరు, మార్చిన భాగం మాత్రం కొత్త కోడ్ ప్రకారం ఉండాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెడితేనే గోడ మూయాలి.

ఒక హెచ్చరిక. ఇక్కడ నలుపు వైరు ఫేజు, తెలుపు న్యూట్రల్. మన దగ్గర నలుపు న్యూట్రల్! సెలవులకి ఊరెళ్ళినప్పుడు అలవాటులో పొరపడే ప్రమాదం ఉంది, అటునుంచి ఇక్కడికొచ్చి సొంతంగా స్విచ్‌లు మార్చుకునేవాళ్ళకి ఇంకా ఎక్కువ. టెస్టరు పెట్టకుండా రంగు చూసి వైరు ముట్టుకోకండి.

సైట్_ఇంజినీర్_విశాఖ

చాలా ముఖ్యమైన మాట. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. బ్రిటన్‌లో 2004 నుంచి ఫేజు గోధుమరంగు, న్యూట్రల్ నీలం, అంటే మన మూడో ఫేజు రంగు అక్కడ న్యూట్రల్. విదేశాల్లో పనికి వెళ్ళే మన ఎలక్ట్రీషియన్లు విమానం ఎక్కేముందే ఆ దేశపు రంగులు నేర్చుకోవాలి.

తెనాలి_పాతిల్లు

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే ముందు కొలిపించాను. న్యూట్రల్ ఫ్యూజు ఆ రోజే తీయించి డబుల్ పోల్ పెట్టించాను. ఫ్రిజ్ ప్లగ్గు విప్పితే కరీంనగర్ అన్న చెప్పిందే, ఎర్త్ పిన్నుకి వైరే లేదు. హాల్లో ప్లగ్గుకి కొత్త ఎర్త్ లాగి ఫ్రిజ్ అక్కడికి జరిపాం, అమ్మకి వంటింట్లోంచి హాల్లోకి తిరగడం అవుతోంది కానీ షాక్ లేదు.

లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) తెచ్చి చూశారు. హాలు, ముందు గది 20 మెగోములు పైనే వచ్చాయి. వంటిల్లు 0.4, బాత్‌రూమ్ లైను 0.1. ఎర్త్ గొయ్యి 14 ఓములు చూపించింది. పైన గదుల సంగతి పక్కన పెడితే కింద ఎంతవరకు మార్చాలి?

రిటైర్డ్_ఏఈ_గుంటూరు

చూశారా, లక్షల ఎస్టిమేట్ ఎక్కడ తేలిందో. 500 వోల్టుల డీసీతో (బ్యాటరీలాగా ఒకే దిశలో పోయే కరెంటుతో) ఒక నిమిషం పెట్టినప్పుడు కనీసం 1 మెగోమ్ రావాలి. వంటిల్లు, బాత్‌రూమ్ తప్పాయి, వాటిని పూర్తిగా పీకి కొత్త వైరు వేయండి. తడి తగిలే చోట్లే ముందు పోవడం సహజం. హాలు, ముందు గది ఇన్సులేషన్ బాగుంది, లైట్లకీ ఫ్యాన్లకీ అలా ఉంచుకోవచ్చు, కానీ 3/20 మీద ఏసీ పెట్టకండి. చెక్క బోర్డులు మాత్రం తీసేయండి, చెదలూ పడతాయి, అంటుకుంటాయి కూడా.

ఏసీకి, గీజరుకి మెయిన్ బోర్డు నుంచి దేని సర్క్యూట్ దానికి విడిగా లాగండి, 4 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరుతో. లైట్లకి 1.5, మామూలు పవర్ ప్లగ్గులకి 2.5. పాత లెక్కలో 3/22ని 1.5 కింద, 3/20ని 2.5 కింద, 7/20ని 4 కింద చెప్పుకుంటారు, షాపులో పాత పేరుతో అడక్కుండా ఎస్‌క్యూఎంఎం లెక్కలోనే అడగండి.

14 ఓముల గొయ్యి ఆర్‌సీసీబీకి సరిపోతుంది కానీ నేనైతే అలా వదలను. మీ నేలలో నీరు పైనే ఉంటుంది కాబట్టి కొత్త గొయ్యి తీస్తే బాగా తగ్గుతుంది. రెండున్నర మీటర్ల జీఐ పైపు, లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లకి తగ్గకుండా, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు, గోడకి కనీసం మీటరున్నర దూరం. పైన గరాటు పెట్టి ఎండాకాలంలో నీళ్ళు పోయాలి. అనంతపురం, కడప వైపు రాతినేలల్లో ఉన్నవాళ్ళకి ఇది ఇంకా అవసరం, అక్కడ ఏప్రిల్, మే నెలల్లో నిరోధం బాగా పెరిగిపోతుంది, అందుకే ఎర్త్‌ని ఎండాకాలంలోనే కొలిపించాలి. వానాకాలంలో కొలిచి బాగుందనుకుంటే మోసపోతారు.

పనిచేసేవాళ్ళ గురించి ఒక మాట. బల్బు, ఫ్యాను, స్విచ్, ఫ్యూజు మార్చుకోవడం వరకు ఎవరైనా చేసుకోవచ్చు. కొత్త పాయింటు లాగడం, లైను మార్చడం లాంటివి లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతే జరగాలని రెగ్యులేషన్లలోనే ఉంది. ఎక్కడో కూర్చుని టెస్టు రిపోర్టు మీద సంతకం అమ్ముకునే పద్ధతి ఒకటుంది, దాన్ని ఒప్పుకోకండి. మెగ్గర్ మీ కళ్ళముందు తిరగాలి, అంకెలు మీరు రాసుకోవాలి. ఆ కాగితం మీ ఇంటి పత్రాలతో పాటు దాచండి.

పద్మజ_అనంతపురం

గేటు లైటే అండీ! హోల్డర్ పూర్తిగా తుప్పు. ఆ లైను తీసేసి కట్టేసి ఉంచాం, నిన్న జల్లు పడినా ఆర్‌సీసీబీ పడలేదు. ఇన్వర్టర్ న్యూట్రల్ పని వచ్చేవారం.

వైరు కొనడం గురించి అడుగుతాను. షాపులో ఎఫ్ఆర్, ఎఫ్ఆర్ఎల్ఎస్, హెచ్ఎఫ్ఎఫ్ఆర్ అంటూ చెప్తున్నాడు, ధరలు పెరుగుతూ పోతున్నాయి. కొత్త రూల్ ప్రకారం హెచ్ఎఫ్ఎఫ్ఆర్ తప్పనిసరి అంటున్నాడు, నిజమేనా?

సైట్_ఇంజినీర్_విశాఖ

మామూలు ఇంటికి అదే తప్పనిసరి అని భయపెట్టి అమ్మడం సరికాదు మేడమ్. మూడింటికీ తేడా మంటల్లో తెలుస్తుంది. ఎఫ్ఆర్ మంటని వైరు వెంట పాకనివ్వదు. ఎఫ్ఆర్ఎల్ఎస్ దానికి తోడు పొగ తక్కువ వదులుతుంది. ఈ రెండూ పీవీసీ, ఐఎస్ 694 కిందికి వస్తాయి. హెచ్ఎఫ్ఎఫ్ఆర్‌లో క్లోరిన్ లాంటి హాలోజన్లు ఉండవు, కాలితే ఘాటైన విషవాయువు రాదు, దానికి 2018లో ఐఎస్ 17048 అని వేరే ప్రమాణం వచ్చింది. అగ్నిప్రమాదాల్లో ఎక్కువమందిని చంపేది పొగ. అందుకని బయటికి పరిగెత్తడానికి ఒకే మెట్లదారి ఉన్న అపార్టుమెంట్లు, హాస్టళ్ళు, ఆసుపత్రులకి ఆ ఖర్చు పెట్టాల్సిందే అంటాను. నాలుగువైపులా తలుపులున్న విడి ఇంటికి మంచి ఎఫ్ఆర్ఎల్ఎస్ చాలు, ఆ మిగిలిన డబ్బు ఆర్‌సీసీబీకీ ఎర్త్‌కీ పెట్టండి.

ఏ రకమైనా ఐఎస్ఐ మార్కు ఉండాల్సిందే, 2003లోనే కేంద్రం వైర్లకి దాన్ని తప్పనిసరి చేసింది. కాయిల్ మీద మార్కు పక్కన సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఆ కంపెనీదేనా, లైసెన్సు ఇంకా ఉందా తెలిసిపోతుంది. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తానంటే కొనకండి.

తెనాలి_పాతిల్లు

చివరగా ఒకటి. వచ్చే ఏడాది ఎలక్ట్రిక్ స్కూటరు కొనే ఆలోచన ఉంది. దానికి ఇప్పుడే ఒక లైను లాగి ఉంచుకోవచ్చా? మామూలు ఆర్‌సీసీబీ సరిపోతుందా?

సైట్_ఇంజినీర్_విశాఖ

లాగి ఉంచండి, విడి సర్క్యూట్, విడి ఎంసీబీ, వాన తగలని చోట ప్లగ్గు. ఆర్‌సీసీబీ కొనేటప్పుడు ఏసీ (AC) రకం కాకుండా A రకం అడగండి (ఇక్కడ ఏసీ అంటే గది చల్లబరిచేది కాదు, దిశ మారుతూ పోయే మామూలు ఇంటి కరెంటు). ఏసీ రకం మామూలు ఏసీ లీకేజీని మాత్రమే పడుతుంది, చార్జర్లు, ఇన్వర్టర్ ఏసీల్లాంటి ఎలక్ట్రానిక్ వస్తువుల నుంచి వచ్చే లీకేజీలో డీసీ ముక్కలు ఉంటాయి, వాటిని A రకం పట్టగలదు. పరికరం మీద చిన్న గుర్తు ఉంటుంది, ఏసీ రకానికి ఒక్క అల మాత్రమే, A రకానికి అల కింద సగం అలలున్న ఇంకో గీత. స్కూటరుతో వచ్చే చిన్న చార్జరుకి ఇది సరిపోతుంది. రేపు కారు కొని గోడ చార్జరు పెడితే మాత్రం, 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఆ చార్జరులోనే ఉందా అని అడగండి, లేకపోతే బీ రకం కావాలి, అది బాగా ఖరీదు.

మీ మెయిన్ దగ్గర ఒకే ఆర్‌సీసీబీ కాకుండా కింద ఒకటి, పైన ఒకటి పెట్టించండి. ఒకచోట లీకేజీ వస్తే ఇల్లంతా చీకటి కాదు, కారణం వెతకడం కూడా తేలిక. వాటి ఆంపియర్ రేటింగు ముందున్న ఎంసీబీ కంటే తక్కువ ఉండకూడదు.

కరీంనగర్_వైర్‌మన్

దాని మీద టి అని చిన్న బటన్ ఉంటుంది అన్నా, నెలకోసారి నొక్కండి. పడాలి. పడకపోతే ఆ రోజే మార్చండి. ఆ బటన్ ఆర్‌సీసీబీని మాత్రమే చూస్తుంది, ఎర్త్‌ని చూడదు, ఎర్త్ విడిగా కొలిపించాల్సిందే. నేను పని చేసిన ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకీ పెద్దపిల్లలకీ ఆ బటన్ చూపించి, వాళ్ళ చేతే నొక్కించి వస్తాను. ఇంటి ఓనరు ఊళ్ళో లేనప్పుడే ఏదైనా అవుతుంది.

కూకట్‌పల్లి_ఓనర్

పంపు మోటారు న్యూట్రలే. మొదటి అంతస్తు బోర్డులో రెండు పోర్షన్ల న్యూట్రల్స్ ఒకే పట్టీకి బిగించి ఉన్నాయి. విడదీయిస్తున్నాను. నాలుగు పోర్షన్లకీ A రకం ఆర్‌సీసీబీలు ఆర్డర్ పెట్టాను, ఎర్త్ కొలిచేవాళ్ళు హైదరాబాదులో కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఎవరైనా లైసెన్సు ఉన్నవాళ్ళు తెలిస్తే మెసేజ్ పెట్టండి.